డాన్యూబు నదిలో పదకొండు లాకులు

మీ దగ్గర యూరపు ఖండం పటం ఉంటే ఒకసారి తీసి చూడండి. పడమట నెదర్లాండ్స్ దేశంలో రాటర్‌డామ్ అనే రేవు పట్టణం ఉన్నది. తూర్పున, ఖండానికి అవతలి కొసన, నల్లసముద్రం ఉన్నది. ఈ రెండింటికీ నడుమ కొండలూ, అడవులూ, పెద్ద పెద్ద నగరాలూ ఉన్నాయి. అయినా రాటర్‌డామ్‌లో ఓడ ఎక్కి, మధ్యలో ఎక్కడా నేలమీద కాలు పెట్టకుండా నల్లసముద్రం చేరవచ్చు. సముద్రం చుట్టి కాదు, ఖండానికి అడ్డంగానే!

ఆ ఓడ ముందు రైన్ నదిలో ఎదురెక్కి జర్మనీ దేశంలో ప్రవేశిస్తుంది. అక్కడ మైన్ అనే ఉపనదిలోకి తిరుగుతుంది. మైన్ నుంచి డాన్యూబు నదికి మనుషులు తవ్విన కాలువ ఒకటి ఉన్నది. దాని పొడుగు 171 కిలోమీటర్లు. ఈ రెండు నదుల నీళ్ళనూ కలపాలని షార్లమేన్ చక్రవర్తి 793లోనే తవ్వకం మొదలుపెట్టించాడు. ఆ గండి తాలూకు గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. 1846 నాటికి బవేరియా రాజు ఒకాయన కాలువ పూర్తి చేయించాడు గాని, దానిలో చిన్న పడవలే పట్టేవి. పెద్ద ఓడలు పోయే కాలువ 1992లో పూర్తి అయింది. చక్రవర్తికి ఆలోచన వచ్చినప్పటి నుంచి లెక్క వేస్తే దాదాపు 1200 ఏళ్ళు!

ఆ కాలువ ఎత్తయిన ప్రాంతం మీదుగా పోతుంది. ఒకచోట అది సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తున ఉన్నది. ఓడ కొండ ఎక్కటమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఎక్కుతుంది. ఆ కిటుకు మన గోదావరి జిల్లాల వాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళు దాన్ని లాకు అంటారు. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

ఆ కాలువ లాకుల వెడల్పు 12 మీటర్లు. అందుచేత యూరపు నదులలో యాత్రికులను తిప్పే ఓడలు చాలావరకు 11 మీటర్ల చిల్లర వెడల్పుకు మించవు. పొడుగు మాత్రం 135 మీటర్ల దాకా ఉంటుంది. వంతెనల కింద దూరాలి గనక ఎత్తు కూడా తక్కువే. దూరం నుంచి చూస్తే నీటి మీద పెన్సిళ్ళ పెట్టె తేలుతున్నట్టుంటుంది.

ఇటువంటి ఓడలో వారం రోజులు ప్రయాణం చేద్దామని మా అల్లుడు ప్రతిపాదించాడు. అతనూ, మా అమ్మాయీ జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉంటారు. వాళ్ళకు పదకొండేళ్ళ కూతురు. మేమిద్దరం వేసవిలో అక్కడికి వెళ్ళేసరికి బల్లమీద రంగురంగుల పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అన్నీ ఓడల కంపెనీల వాళ్ళు పంపినవే. నేను ఓపికగా అన్నీ తిరగేశాను. ఓడలో పరుపులు ఎంత మెత్తగా ఉంటాయో, ఎన్ని రకాల వంటకాలు పెడతారో, కిటికీలు ఎంత పెద్దవో వివరంగా ఉన్నది. నదిని గురించి మాత్రం అందమైన బొమ్మలే తప్ప ఒక్క ముక్క లేదు. పెళ్ళిచూపులకు వెళితే పిల్లను తప్ప ఇల్లంతా చూపించినట్టయింది.

మా ఆవిడ ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. "మీరు వెళ్ళి రండి. నేను పడవ ఎక్కను," అన్నది.

దానికి కారణం ఉన్నది. 2018 చలికాలంలో మేమిద్దరం లాంచీ ఎక్కి పాపికొండలు చూసి వచ్చాం. ఆ రోజంతా ఎంతో హాయిగా గడిచింది. మరుసటి ఏడు, 2019 సెప్టెంబరు 15న, అదే దారిలో కచ్చులూరు దగ్గర యాత్రికుల పడవ ఒకటి వరద గోదావరిలో మునిగిపోయింది. చాలామంది పోయారు. అందులో మా బంధువులెవరూ లేరు. కాని మా ఆవిడ పుట్టిల్లు గోదావరి గట్టునే. వరదలో నది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. "అంత వరదలో పడవ ఎందుకు వదిలారు? ఆపేవాళ్ళు లేకపోయారా?" అని చాలా రోజులు అంటూనే ఉన్నది. ఆ తరవాత ఆమె నీటిమీద కాలు పెట్టలేదు.

"ఇది యూరపు, అత్తయ్యగారూ! ఇక్కడ అటువంటివి జరగవు," అన్నాడు మా అల్లుడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకంటే అది నిజం కాదు. అదే 2019లో, మే 29 రాత్రి, బుడాపెస్టు నగరంలో మార్గరెట్ వంతెన కింద ఒక చిన్న పడవను పెద్ద ఓడ ఢీకొన్నది. వాన కురుస్తున్నది, డాన్యూబు నిండుగా, వడిగా ఉన్నది. పడవలో దక్షిణ కొరియా నుంచి వచ్చిన యాత్రికులున్నారు. మొత్తం 35 మందిలో బతికినవాళ్ళు 7గురు. ఈ సంగతి దాచిపెట్టి మా ఆవిడను ఓడ ఎక్కించటం నాకు ఇష్టం లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా అమ్మాయి నా వంక కోపంగా చూసింది.

మా ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే ఆ కంపెనీల వాళ్ళను ఒకటే ప్రశ్న అడగండి. నది పొంగితే ఓడను ఎవరు ఆపుతారు? ఆపినప్పుడు మనల్ని ఏం చేస్తారు? సరిగా చెప్పినవాడి ఓడ ఎక్కుతాను," అన్నది. ఒకటే అంటూ రెండు ప్రశ్నలు అడగటం ఆవిడకు అలవాటే.

మా అల్లుడు మూడు కంపెనీలకు రాశాడు. ఇద్దరు, "ఏమీ భయం లేదు, హాయిగా రండి," అని జవాబిచ్చారు. మూడోచోట ఎవరో గుమాస్తా విసుక్కోకుండా వివరంగా రాశాడు: నీటిమట్టం ఒక గీత దాటితే నది అధికారులు రాకపోకలు నిలిపేస్తారు, అది కెప్టెన్ ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు, అప్పుడు ఓడను దగ్గిరి రేవులో కట్టేస్తాం, అందులోనే పడుకోవచ్చు, భోజనాలకు లోటుండదు, వీలైతే బస్సుల్లో ఊళ్ళు చూపిస్తాం, కొన్ని ఊళ్ళు తప్పిపోవచ్చు, వాటికి డబ్బు వాపసు రాదు. డబ్బు వాపసు రాదన్న మాట చదివాక మా ఆవిడకు నమ్మకం కుదిరింది. "వీడు అబద్ధం ఆడటం లేదు," అన్నది. నా ఉద్దేశంలో కూడా ఓడను ఎంచుకోవటానికి పరుపుల కన్నా ఈ జవాబే మంచి గుర్తు.

ఇక ఏ నది? రైన్ నది గట్ల మీద కోటలు బోలెడన్ని. అయితే వేసవి చివరా, శరత్తులోనూ అది ఎండిపోయే ఏళ్ళుంటాయి. కౌబ్ అనే ఊళ్ళో నీటిమట్టం కొలిచే పలక ఉన్నది. 2018 అక్టోబరులో అక్కడ నీరు 25 సెంటీమీటర్ల గీతకు దిగింది. అంటే నది జానెడు లోతే ఉన్నదని కాదు. ఆ పలకమీద సున్నా నది అడుక్కు చాలా పైన ఉంటుంది. అయినా సరుకు ఓడలు సగం బరువు కూడా ఎత్తలేకపోయాయి. ఎల్బ్ నది సంగతి మరీ అన్యాయం. డ్రెస్డెన్ ప్రాంతంలో దానికి లాకులు లేవు, వానలే దిక్కు. చెక్ దేశంలో డెచిన్ అనే ఊరి దగ్గర ఆ నదిలో ఒక రాయి ఉన్నది. దానిని ఆకలి రాయి అంటారు. నీరు బాగా తగ్గితేనే అది బయటపడుతుంది. దాని మీద 1616 మొదలుకొని కరువు వచ్చిన ఏళ్ళు చెక్కి ఉన్నాయి. తాను కనిపించిన ఏడు జనానికి ఏడుపే మిగులుతుందని ఆ రాయి చెబుతున్నట్టుగా ఒక మాట కూడా చెక్కారు.

పోర్చుగల్ దేశంలో డౌరో నది ఒకటున్నది. దాని మీద కరపతేలో అనే చోట లాకు 35 మీటర్ల లోతు. అది చూడాలని నాకు మనసైంది గాని చాలా దూరం. చివరకు డాన్యూబునే ఎంచాం. పస్సౌ అనే ఊళ్ళో ఎక్కి బుడాపెస్టులో దిగేట్టు, జూన్ మొదటి వారానికి. మ్యూనిక్ నుంచి పస్సౌకు రైల్లో పోవచ్చు. ఆ దారిలో లాకులు ఎక్కువ గనక ఎండిపోయే భయం తక్కువ. పొంగే భయం ఉన్నది, కాని దానికి జవాబు ముందే వచ్చింది గదా!

గది ఎంచుకోవటంలో నేను పిసినారితనం చూపానని మా అమ్మాయి అంటుంది. అన్నిటికన్నా కింది అంతస్తులో గదులు చవక. వాటి కిటికీ చిన్నది, నీటికి జానెడు ఎత్తున ఉంటుంది. పై అంతస్తులో గోడ పొడుగునా అద్దాల తలుపులు, వాటికి రెట్టింపు ధర. మేము కింద గదే తీసుకున్నాం. పొద్దున్నే లేచి చూస్తే హంసలు కిటికీలోకి తొంగిచూసేవి. ఇంకొక సంగతి చెప్పాలి. కొన్ని ఓడల్లో చిన్నపిల్లలను ఎక్కనివ్వరు. ఎక్కనిచ్చినా ఆటవస్తువులూ అవీ ఉండవు. మా ఓడలో పిల్ల అన్నది మా మనవరాలు ఒక్కతే. మిగిలిన వాళ్ళంతా నాబోటి నెరిసిన తలల వాళ్ళు.

పస్సౌ దగ్గర మూడు నదులు కలుస్తాయి. ఉత్తరం నుంచి వచ్చే ఇల్జ్ నది బురద నేలల మీదుగా వస్తుంది గనక నల్లగా ఉంటుంది. దక్షిణాన ఆల్ప్స్ కొండల మంచు కరిగి వచ్చే ఇన్ నది పాలు కలిపిన ఆకుపచ్చ రంగు. మధ్యలో డాన్యూబు. మూడు రంగులూ కొంతదూరం కలవకుండా పక్కపక్కనే పోతాయి. 1867లో యోహాన్ స్ట్రౌస్ అనే సంగీతకారుడు నీలి డాన్యూబు మీద కట్టిన వాద్యగీతం ప్రపంచమంతా ప్రసిద్ధి. మా మనవరాలు దానిని బడిలో విన్నదట. "నీలం ఏదీ, తాతయ్యా?" అని అడిగింది. మేము వెళ్ళిననాడు నీలం లేదు సరికదా, ఇన్ నది గోధుమరంగు తిరిగి వడిగా వస్తున్నది. కొండలలో వానలు పడుతున్నాయన్నమాట.

ఊళ్ళో పురపాలక భవనం గోడమీద పాత వరదల గీతలు గీసి ఉన్నాయి. 1501 నాటి గీత మా తలల మీద చాలా ఎత్తున ఉన్నది. 2013 జూన్‌లో నది 12 మీటర్ల 89 సెంటీమీటర్లకు చేరింది. 1501 తరవాత అంత వరద మళ్ళీ అప్పుడే. మా ఆవిడ ఆ గీతల కింద నిలబడి చాలాసేపు చూసింది. భయపడిందేమోనని నేను కంగారుపడ్డాను. "రాసి పెట్టుకున్నారు, మంచిదే. మనూళ్ళో మా నాన్న కూడా అరుగుమీద గీత గీసేవాడు," అన్నది.

ఓడ సాయంత్రం బయలుదేరింది. డాన్యూబు మీద ఒక విచిత్రం ఉన్నది. కొన్ని నదులకు కిలోమీటర్ల లెక్క పైనుంచి మొదలవుతుంది. దీనికి సముద్రం దగ్గరే సున్నా. గట్టుమీద పలకలమీద అంకెలు తగ్గుతూ ఉంటాయి. పస్సౌ దగ్గర 2225. మా మనవరాలు ఒక పుస్తకం తీసి లెక్కలు రాయటం మొదలుపెట్టింది. 2203 దగ్గరకు వచ్చేసరికి నదికి అడ్డంగా గోడ కనిపించింది. అది యోఖెన్‌స్టయిన్ విద్యుత్ కేంద్రం. ఒక గట్టు జర్మనీది, రెండోది ఆస్ట్రియాది. "దారి మూసేశారు!" అన్నది చిన్నది.

ఇప్పుడు లాకు సంగతి. నదికి అడ్డంగా ఆనకట్ట ఉన్నది. ఎగువ నీరు ఎత్తున, దిగువ నీరు పల్లాన ఉన్నాయి. ఆనకట్ట పక్కన పొడుగాటి తొట్టి ఒకటి కట్టి, దాని రెండు కొసలా తలుపులు పెడతారు. దిగువకు పోయే ఓడ రాగానే ఎగువ తలుపు తీస్తారు. అప్పటికే తొట్టినిండా ఎగువ నీరు ఉంటుంది. ఓడ లోపలికి పోతుంది. ఆ తలుపు మూసేస్తారు. తొట్టి అడుగున తూములున్నాయి. దిగువ వైపు తూములు తెరిస్తే నీరు దానంతట అదే కిందికి పోతుంది. నీటితోపాటే ఓడా దిగుతుంది. తొట్టిలో నీరు దిగువ నీటితో సమం కాగానే కింది తలుపు తీస్తారు, ఓడ వెళ్ళిపోతుంది. ఎగువకు పోయే ఓడకు ఇదంతా తిరగేసి చేస్తారు. నీటిని తోడటానికి ఒక్క యంత్రమూ అక్కరలేదు. నీరు పల్లమెరుగుతుందన్న ఒక్క సూత్రం మీద ఇంత ఓడా మేడ దిగినట్టు దిగుతుంది.

ఈ ప్రాంతపు డాన్యూబు లాకులు చాలావరకు 24 మీటర్ల వెడల్పు, 230 మీటర్ల పొడుగు. మాలాంటి ఓడలు రెండు పక్కపక్కనే పడతాయి. గోడలో నిలువు గాడులున్నాయి. వాటిలో ఇనుపకట్లు నీటితోపాటే కిందికీ పైకీ జారతాయి. ఓడవాళ్ళు తాడు ఆ కట్టుకు వేస్తారు. మామూలు రాటకు వేస్తే ఓడ దిగేకొద్దీ తాడు బిగుసుకుని తెగదూ?

మేము దిగుతుంటే తడిసిన గోడ మా కళ్ళముందే పెరుగుతూ వచ్చింది. సూర్యుడు గోడ వెనక్కు పోయాడు. చల్లగా, పాచి వాసన. మా ఆవిడ కటకటాలు గట్టిగా పట్టుకుని, "అచ్చం ధవళేశ్వరం లాకు వాసనే," అన్నది. ఆ మాటతో నాకూ చిన్నతనం గుర్తుకు వచ్చింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయింది. దాని కాలువలు పొలాలకు నీళ్ళివ్వటానికే కాదు, పడవలు నడవటానికి కూడా. మా చిన్నప్పుడు ధాన్యం బస్తాల పడవలు లాకులో దిగుతుంటే పిల్లలమంతా గట్టుమీద నిలబడి పడవవాళ్ళతో కబుర్లాడేవాళ్ళం. పడవ దిగిపోతూ ఉంటే వాళ్ళ తలపాగాలు మాత్రం కనిపించేవి. ఇదంతా చెబితే మా మనవరాలు, "అయితే మీకిది తెలుసా, తాతయ్యా!" అని ఆశ్చర్యపోయింది.

చీకటి పడేముందు ష్లోగెన్ అనే చోట నది కొండను ఢీకొని దాదాపు వెనక్కు తిరిగింది. ఎడమవైపు ఉన్న కొండ కాసేపటికి కుడివైపుకు వచ్చింది. మరి రెండు లాకులు రాత్రి దాటాం.

తెల్లవారి లేచేసరికి ఓడ లింజ్ పట్టణం రేవులో కట్టి ఉన్నది. నీరు మట్టి రంగులో ఉన్నది, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. ఇంజను చప్పుడు లేదు. టిఫిను వేళకు కెప్టెన్ వచ్చి, నీరు గీత దాటిందనీ, అధికారులు రాకపోకలు ఆపారనీ, ఎప్పుడు బయలుదేరేదీ తెలియదనీ చెప్పాడు. బ్రటిస్లావా చూడటం కుదరకపోవచ్చునని కూడా అన్నాడు. భోజనశాలలో గొణుగుడు మొదలయింది. ఒకాయన తాను ఇచ్చిన డబ్బెంతో గట్టిగా చెప్పాడు. బ్రటిస్లావా కోట చూడాలని మా మనవరాలు ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ గదిలో ప్రశాంతంగా ఉన్నది మా ఆవిడ ఒక్కతే. ఆమె రొట్టెమీద ఇంటినుంచి తెచ్చిన కందిపొడి చల్లుకుంటూ, "ఆపారన్నమాట!" అన్నది. అంతే. ఆ రోజు నుంచి ఆమె గదిలో కూర్చోవటం మానేసి పై డెక్కుమీదనే ఉన్నది.

మనవరాలిని సముదాయించటానికి నేను దాన్ని ఊళ్ళోకి తీసుకుపోయాను. లింజ్ పట్టణంలో 1612 నుంచి 1626 దాకా కెప్లర్ అనే మహా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గ్రహాలు సూర్యుని చుట్టూ దీర్ఘవృత్తాకారపు దారిలో తిరుగుతాయని చెప్పినవాడు ఆయనే. 1613లో ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు ద్రాక్ష బాగా పండి, డాన్యూబు మీద పడవల్లో పీపాలకు పీపాలు ద్రాక్షసారా వచ్చి ఈ గట్టునే దిగింది. కెప్లర్ ఇంటికి కొన్ని పీపాలు కొన్నాడు. అమ్మేవాడు పీపా పైనున్న చిల్లులోంచి ఒక కర్రను ఏటవాలుగా లోపలికి పెట్టి, అది ఎంత మునిగిందో చూసి, లెక్కా పత్రం లేకుండా ధర చెప్పేశాడు. కెప్లర్‌కు అనుమానం వచ్చింది. పొట్టి పీపాకూ పొడుగు పీపాకూ ఒకటే కర్ర ఎలా సరిపోతుంది? ఆయన కూర్చుని లెక్కలు వేశాడు. పీపాను పలచటి బిళ్ళలుగా కోసినట్టు ఊహించి, ఆ బిళ్ళలన్నీ కూడితే ఎంత అవుతుందో చూశాడు. చివరకు ఆస్ట్రియా పీపాల ఆకారానికి ఆ కర్ర పద్ధతి ఫరవాలేదని తేలింది! 1615లో దానిమీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు. మీరు పై తరగతులకు వెళ్ళాక కలన గణితం అనేది చదువుతారు. దానికి దారి తీసిన పనులలో ఇదొకటి. ఇదంతా గట్టుమీద నడుస్తూ చెబితే చిన్నది కోట సంగతి కొంచెం మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఇంకొక అదృష్టం పట్టింది. ఓడ కదలటం లేదు గనక కెప్టెన్‌కు తీరిక దొరికి, దాన్ని తన గదికి పిలిచాడు. నేనూ వెంట వెళ్ళాను. మన లాంచీలో సరంగు ముందు పెద్ద చక్రం ఉంటుంది. ఇక్కడ చక్రమే లేదు. చేతిలో ఇమిడే చిన్న పిడులు, చుట్టూ రాడార్ తెరలు. వంతెన బాగా కిందికి ఉన్నప్పుడు ఆ గది మొత్తం ఓడలోకి దిగిపోతుంది. డెక్కుమీద గొడుగులూ, కటకటాలూ మడిచేస్తారు. నీరు పెరిగితే వంతెన కింద సందు తగ్గుతుంది. వరదలో ఓడ ఆగటానికి అదొక కారణం. ఎదురుగా ఓడ వస్తే ఎవరు దారి ఇవ్వాలని చిన్నది అడిగింది. ఎగువకు పోయే ఓడే ఇవ్వాలట. దిగువకు వచ్చేదాన్ని నీరు తోసుకొస్తుంది, అది చప్పున ఆగలేదు. ఎదురెక్కేవాడు మామూలు పద్ధతికి భిన్నంగా కుడిపక్కల నుంచి దాటుకోవాలనుకుంటే నీలి పలక ఒకటి నిలబెట్టి, తెల్లదీపం మినుకుమినుకుమనిపిస్తాడు. అవతలివాడూ తన పలక ఎత్తి సరేనంటాడు. ఆ తరవాత ప్రయాణమంతా మా మనవరాలికి నీలి పలకలు వెతకటమే పని.

నీరు తగ్గి, మర్నాడు పొద్దున కదిలాం. నాలుగు లాకులు దాటితే మెల్క్, అక్కడి నుంచి క్రెమ్స్ దాకా వాఖౌ లోయ. గట్లనిండా ద్రాక్షతోటలూ, ఆప్రికాట్ చెట్లూ. విల్లెన్‌డార్ఫ్ అనే పల్లెలో 1908లో ఒక చిన్న రాతిబొమ్మ దొరికింది. అది అరచేతిలో పడుతుంది, వయస్సు మాత్రం దాదాపు 30,000 ఏళ్ళు. దాన్ని ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంచారు. డ్యూర్న్‌స్టయిన్ కొండమీద కూలిన కోటలో 1192లో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను బంధించారు. బ్రటిస్లావా కోట పోయినా ఇదొకటి దొరికిందని చిన్నది సరిపెట్టుకున్నది. ఈ లోయలో ఆనకట్ట లేదు, నది తన ఇష్టం వచ్చినట్టు పారుతుంది. ఓడ వేగం తేడా మనకే తెలుస్తుంది.

వియన్నా రేవులో ఓడలు చోటు చాలక ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. గట్టుకు పోవాలంటే పక్క ఓడ నడవలోంచి పోవాలి. రెట్టింపు ధర పెట్టి అద్దాల తలుపుల గది తీసుకున్నవాళ్ళకు రెండు రోజులు అవతలి ఓడ గదిలో ఎవరో పళ్ళు తోముకోవటం కనిపించింది. మా గదికి ఎటూ చిన్న కిటికీయే గనక నష్టం లేదు.

వియన్నాలో రాజభవనాల కన్నా నాకు నచ్చింది ఒక కాలువ. వరదల బాధ పడలేక ఆ నగరం వాళ్ళు 1972 నుంచి 1988 దాకా పనిచేసి డాన్యూబు పక్కనే రెండో నది తవ్వారు. పొడుగు 21 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో దాని తలుపులు మూసి ఉంటాయి. జనం ఈతలు కొడతారు. వరద రాగానే తలుపులు తీసి కొంత నీటిని దానిలోకి మళ్ళిస్తారు. తవ్విన మట్టితో మధ్యలో పొడుగాటి దీవి తయారయింది. మా ఆవిడ ఆ దీవిమీద చెప్పులు విడిచి నడిచింది.

వియన్నా దాటాక ఒక లాకు, ఆ తరవాత హైన్‌బుర్గ్ అడవులు. అక్కడ కూడా విద్యుత్ కేంద్రం కట్టబోతే 1984 డిసెంబరు చలిలో వేలాదిమంది ఆ అడవిలో మకాం పెట్టి అడ్డుకున్నారు. 1996లో దాన్ని జాతీయవనం చేశారు. బ్రటిస్లావా కోటను డెక్కుమీద నుంచే చూశాం. తిరగేసిన బల్లలాగా నాలుగు కాళ్ళతో కొండమీద కనిపించి వెళ్ళిపోయింది. చివరి లాకు స్లొవాకియా దేశంలో గబ్‌చికొవో దగ్గర. అది అన్నిటికన్నా పెద్దది, ఓడ సుమారు 20 మీటర్లు దిగింది. ఆరంతస్తుల మేడ ఎత్తు. మా ఆవిడ ఈసారి కటకటాలు పట్టుకోలేదు. గోడమీద తడి ఆనవాలు ఎంత ఎత్తున ఉన్నదో చూడమని పక్కనున్న జర్మన్ ముసలమ్మకు చేతులతో చూపించింది.

బుడాపెస్టు చేరేసరికి రాత్రి అయింది. దీపాలు వెలిగించిన ఊరు చూడాలని అందరూ డెక్కు మీదికి వచ్చారు. ముందు మార్గరెట్ వంతెన వచ్చింది. నేను ఏమీ అనలేదు గాని మా ఆవిడ, "ఇదేనా?" అని అడిగింది. ఇదేనన్నాను. ఆమె చేతులు జోడించింది. వంతెన దాటగానే ఎడమవైపు పార్లమెంటు భవనం బంగారంలా మెరుస్తూ కనిపించింది, దాని తరవాత 1849 నాటి గొలుసు వంతెన. 1944-45లో యుద్ధంలో ఈ ఊళ్ళో ఉన్న వంతెనలన్నిటినీ కూల్చేశారు. అన్నిటినీ మళ్ళీ కట్టుకున్నారు.

మా మనవరాలు పుస్తకం తెరిచి చివరి లెక్కలు రాసింది. 2225 లోంచి 1647 తీసేస్తే 578 కిలోమీటర్లు. లాకులు 11. నీలి పలకలు 46. అది చూసి వాళ్ళ అమ్మమ్మ పెన్సిలు అడిగి తీసుకుని, కింద తెలుగులో ఒక పంక్తి రాసింది. చిన్నదానికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవటం ఇంకా నేర్చుకుంటున్నది. "లిం... జ్... లో... ఒక రోజు... ఆ... గా... ము," అని కూడబలుక్కుంటూ అది చదివేసరికి గట్టుమీద మనిషి మా ఓడ తాడు అందుకుని రాటకు వేశాడు.